సర్వర్ గదిలో తెలుగుకు చోటు లేదా?

పూండి గట్టుమీద నిలుచుంటే మన సరిహద్దు బ్రతుకు కళ్ళకు కడుతుంది. 1944లో కొసస్తల నదిపై కట్టిన ఈ సత్యమూర్తి సాగరానికి 1996 నుండి కండలేరు మీదుగా కృష్ణాజలాలు కూడా వస్తున్నాయి. నీటికి సరిహద్దు అడ్డు కాలేదు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మదరాసు రాష్ట్రంలో చేరింది మొదలు అడ్డుపడింది మన పిల్లల చదువుకే. 2006 నాటి తమిళ అభ్యసన చట్టంతో ఆ అడ్డు గోడగా మారింది.

తమిళంపై మనకు ద్వేషం లేదు. మన బాధ మనవారి మాటతోనే. "తెలుగు ఇంట్లో చాలు, కంప్యూటరు పనికి పనికిరాదు" అంటారు. చెన్నై చుట్టూ అంబత్తూరు, సిరుసేరి ప్రాంతాలలో డేటా సెంటర్లు వెలిశాయి. అక్కడ మన యువకులు చేయగల పనులలో ఒకటి సర్వర్‌లో చెడిన పవర్ సప్లైని మార్చడం. దానిని తెలుగులో చెప్పలేమా? చెప్పి చూద్దాం.

సర్వర్లను పంతొమ్మిది అంగుళాల చట్రంలో అరలు అరలుగా బిగిస్తారు. ముఖ్యమైన సర్వర్‌కు సాధారణంగా రెండు పవర్ సప్లైలుంటాయి. పూండికి కొసస్తల నీరు, కృష్ణ నీరు ఉన్నట్లే, ఒకటి చెడితే రెండవది భారమంతా మోస్తుంది. అందుకే సర్వర్‌ను ఆపకుండానే చెడినదానిని మార్చవచ్చు. ముందుగా దీపాలు చూసి చెడినదేదో నిర్ధారించుకోవాలి. పొరపాటున మంచిదానిని లాగితే సర్వర్ ఆగిపోతుంది. కొత్తది ఆ సర్వర్‌కు తయారీదారు ఆమోదించినదై, రెండవదానితో సమానమైన వాట్లది కావాలి. చెడినదాని కరెంటు తీగ తీసి, గొళ్ళెం నొక్కి, పిడి పట్టి లాగాలి. కొత్తదానిని గొళ్ళెం టక్కుమనే వరకు నెట్టి, ఆపైన తీగ తగిలించాలి. రెండు తీగలనూ ఒకే లైనుకు తగిలిస్తే, ఆ లైను పోయిన నాడు రెండూ పోతాయి. చట్రం లోపలి విద్యుత్ పంపిణీ బోర్డు చెడితే మాత్రం సర్వర్‌ను ఆపి, తీగలన్నీ తీసిన తరువాతే చేయి పెట్టాలి. పవర్ సప్లై పెట్టెను ఎన్నడూ విప్పరాదు. తీగ పీకిన తరువాత కూడా అందులోని కెపాసిటర్లలో మూడు వందల వోల్టులకు పైబడిన విద్యుత్తు కొంతసేపు నిలిచి ఉండవచ్చు. అది ప్రాణాలు తీయగలదు.

ఇందులో అర్థం కానిదేది? సర్వర్, కెపాసిటర్ వంటి మాటలు అన్యభాషవే. రైలు, బస్సు మన నోటికి వచ్చినట్లే అవీ వస్తాయి. పారిభాషిక పదకోశం పూర్తయ్యేదాకా ఆగాలనేవారు మరో తరాన్ని పోగొట్టుకుంటారు. హెచ్చరిక అర్థం కాని కార్మికుడికి పదకోశం ప్రాణం పోయదు.

ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు సౌకర్యాలు కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతోంది. ఆ హక్కు కోసం పోరాడుతూనే మరొక అడుగు వేయాలి. ఐటిఐ, పాలిటెక్నిక్ చదువుల పాఠాలు తెలుగులోనూ కావాలని అడగాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు అచ్చువేసే వృత్తివిద్యా పుస్తకాలు మన ఊళ్ళకూ చేరాలని పట్టుబట్టాలి. పని తెలిసిన ప్రతి తెలుగువాడూ తన పనిని ఒక పుట తెలుగులో వ్రాసి పిల్లల చేతికివ్వాలి.

పనిలో వాడని భాష పండుగనాటి పట్టుబట్టగా మిగిలిపోతుంది. మన తెలుగు రోజూ కట్టుకునే బట్ట కావాలి.