వేగం కాదు.. శుభ్రంగా మోగాలి!

ఇంటర్వ్యూల ఒత్తిడిలో కాస్త ఊరటకని గిటార్ కొన్న చాలామంది మూడో నెలకే దాన్ని అటకెక్కిస్తున్నారు. ‘నా వేళ్లకు రాదులే’ అంటారు. లోపం వేళ్లలో లేదు, తొందరలో ఉంది. రీల్స్‌లో చూసిన వేగం మొదటి వారమే కావాలంటే ఎలా?

మెట్రోనోమ్ 60కి పెట్టండి. బీట్‌కి ఒక్కటే స్వరం; పిక్ ఓసారి కిందికి, ఓసారి పైకి. దాని మొన కొంచెమే బయటికి ఉంచండి, లేదంటే తీగకు తట్టుకుంటుంది. వేలు ఫ్రెట్ కడ్డీకి బాగా దగ్గరగా, దాని వెనకే నొక్కాలి. దూరంగా నొక్కారో.. వేళ్ల నొప్పికి తోడు గరగర! మోగకూడని లావు తీగల్ని పిక్ పట్టిన అరచేతి అంచుతో ఆపాలి. కొత్తవాళ్లు పట్టించుకోనిది ఇదే, రొద ఎక్కువగా వచ్చేదీ ఇక్కడే.

ఫోన్‌లో రికార్డు చేసి వినండి. వాయిస్తున్నప్పుడు అంతా బాగున్నట్టే ఉంటుంది మరి! వరసగా నాలుగుసార్లు తప్పు రాకపోతేనే 65కి వెళ్లండి.