కదలని సాలీడు ఏం చేస్తోంది?

మా పెదనాన్న కొడుకు టెక్సాస్‌లో ఉంటాడు. కుక్కనో పిల్లినో పెంచుకోవచ్చు కదా, ఆయన ఒక టరాంటులాని పెంచుతున్నాడు. అరచేతి అంత సాలీడు, నీలం రంగు. మొన్న వీడియో కాల్‌లో చూపిస్తుంటే పక్కనే ఉన్న మా రూమ్మేట్ తల దూర్చాడు.

"అన్నా, ఇది బతికే ఉందా? కదలట్లేదు."

"బతికే ఉంది రా. పదకొండు రోజుల నుంచి అక్కడే కూర్చుంది."

"దీన్నేమంటారు?"

"గుత్తి సఫైర్."

"గుత్తి అంటే... మన గుత్తేనా?"

మన గుత్తే. అనంతపురం జిల్లా గుత్తి. గుంతకల్లు పక్కన ఉండే గుత్తి. ఇంటికి వెళ్ళేటప్పుడు నేను నిద్రలో దాటిపోయే స్టేషన్. ఆ ఊరి పేరు అమెరికాలో, యూరప్‌లో సాలీళ్ళు పెంచేవాళ్ళందరికీ తెలుసు. మాకిద్దరికీ మాత్రం ఆ రోజే తెలిసింది.

కాల్ అయిపోయాక మావాడు అన్న మాట వల్లే ఈ వ్యాసం రాస్తున్నాను. "మామా, మన దగ్గరిదే కదా. గిద్దలూరు వైపు ఎవరినైనా అడిగితే అడవిలోంచి పట్టిస్తారు. రూమ్‌లో పెట్టుకుందాం, అదిరిపోద్ది."

వద్దు అన్నాను. ఎందుకంటే అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తాను.

ముందు ఆ కదలకపోవడం సంగతి. సాలీడు అనగానే మనకు మూలన గుండ్రంగా అల్లిన గూడు, అందులో ఇరుక్కున్న దోమ గుర్తొస్తాయి. టరాంటులాలు అలా అల్లవు. వాటికి పట్టు దారం వల కాదు, ఇల్లు. కలుగు లోపల అస్తరులా పరుస్తాయి. గుమ్మం బయటకి కొన్ని పోగులు లాగి పెడతాయి. కుబుసం విడిచే ముందు దారంతో చాప లాంటిది పరుచుకుని దాని మీద వెల్లకిలా పడుకుంటాయి. కొత్తగా పెంచేవాళ్ళు అది చూసి చచ్చిపోయిందని కంగారు పడుతుంటారు. గుడ్లను చుట్టి మూట కట్టేదీ ఆ దారంతోనే. మన గుత్తి సాలీడు చెట్టు తొర్రలో ఉంటుంది. తొర్రలో గరాటు ఆకారంలో గూడు అల్లుకుంటుంది. డబ్బాలో పెంచినప్పుడు మట్టి, బెరడు ముక్కలు దారంతో కలిపి తెర కట్టుకోవడం కూడా మామూలే.

దానికి కళ్ళు ఎనిమిది, చూపు అంతంత మాత్రం. అసలు పని చేసేది కాళ్ళ మీది వెంట్రుకలు. మైక్రోప్రాసెసర్స్ క్లాసులో పోలింగ్, ఇంటరప్ట్ అని రెండు పద్ధతులు చదువుకున్నాం కదా. పోలింగ్ అంటే "ఏమైనా వచ్చిందా, వచ్చిందా" అని అస్తమానం వెళ్ళి అడగడం. ఇంటరప్ట్ అంటే పిలుపు వచ్చినప్పుడే లేవడం. ఈ సాలీడుది రెండో పద్ధతి. రాత్రి తొర్ర అంచున కూర్చుంటుంది. బొద్దింకో రెక్కల పురుగో దగ్గరకొచ్చి అదురు తగిలితే చాలు, మన కన్ను పట్టుకోలేనంత వేగంగా దూకుతుంది. మిగతా సమయమంతా ఊరికే ఉంటుంది. వెలుగు పడితే లోపలికి పారిపోతుంది.

ఇంకో సంగతి. డబ్బాలో టరాంటులా అదే పనిగా అటూ ఇటూ తిరుగుతుంటే మనకు హుషారుగా ఉన్నట్టు అనిపిస్తుంది. చాలాసార్లు అర్థం వేరు. కొత్త చోటు కుదరకపోవచ్చు, తేమ ఎక్కువో తక్కువో అయి ఉండొచ్చు. లేదంటే అది ఎదిగిన మగది, ఆడదాన్ని వెతుక్కుంటూ తిరుగుతోంది. అంటే మనకు చూడటానికి బాగుండే రోజులు దానికి బాగోని రోజులు కావచ్చు. అది సుఖంగా ఉంటే మనకు కనపడేది ఖాళీ డబ్బా, కాస్త దారం. ఆ దారం చూసి సంతోషపడే ఓపిక మా అన్నకి ఉంది. మావాడికి లేదు. నిజం చెప్పాలంటే నాకూ లేదు. వారం రోజులకి బోర్ కొట్టి పుల్ల పెట్టి కదిలిస్తాం. దీని కాటుతో మనుషులు చనిపోయినట్టు దాఖలాలు లేవు గానీ, విపరీతమైన నొప్పి, కండరాలు పట్టేయడం రోజుల తరబడి ఉంటాయి.

అన్నిటికన్నా పెద్ద కారణం దాని చరిత్ర. 1899లో పోకాక్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త దీనికి పేరు పెట్టాడు. దొరికింది గుత్తి రైల్వే కలప డిపోలో. కానీ అది గుత్తిది కాదు, కలపతో పాటు రైలెక్కి వచ్చి ఉంటుందని అంచనా. ఆ తర్వాత 102 ఏళ్ళు ఎవరికీ కనపడలేదు. 2001లో మళ్ళీ దొరికింది, గుత్తికి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, నంద్యాల గిద్దలూరు మధ్య అడవిలో. తెలిసినంతవరకు ప్రపంచంలో దాని సొంత చోటు అదొక్కటే, 100 చదరపు కిలోమీటర్ల లోపు. 2008లో ఐయూసీఎన్ దీన్ని అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జీవుల్లో చేర్చింది. కారణాలు రెండు: కట్టెల కోసం చెట్లు కొట్టడం, పెంపకం కోసం పట్టుకెళ్ళడం. 2019లో ఈ జాతి సాలీళ్ళన్నిటి అంతర్జాతీయ వ్యాపారం మీద సైటీస్ ఒప్పందం కింద అదుపు పెట్టారు.

"మరి మీ అన్న పెంచట్లేదా?" అని మావాడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. అన్న దగ్గరున్నది డబ్బాలో పుట్టిన పిల్ల, దాని తల్లీ డబ్బాలోనే పుట్టింది. విదేశాల్లో పెంపకందారుల దగ్గర ఇవి బాగానే పిల్లలు పెడుతున్నాయి. అసలు వాళ్ళు పెంచకపోతే దీని పేరు నా దాకా వచ్చేదే కాదు, అది ఒప్పుకుంటాను. కానీ టెక్సాస్‌లో ఎన్ని పుట్టినా నల్లమల పక్కన ఒక్క తొర్ర కూడా పెరగదు. ఆడ సాలీడు పన్నెండేళ్ళ దాకా బతుకుతుంది. అలాంటి ఒక్కదాన్ని అడవి నుంచి తెస్తే, అది ముందు ముందు పెట్టాల్సిన పిల్లలన్నిటినీ తెచ్చి హాస్టల్ రూమ్‌లో పెట్టినట్టే.

మన కాలేజీలో గుంటూరు, గుంతకల్లు లైన్‌లో ఇంటికెళ్ళేవాళ్ళు చాలామంది ఉన్నారు. గాజులపల్లె దాటాక దిగువమెట్ట వచ్చేదాకా కిటికీ బయట కనిపించేది ఆ అడవే. ఈసారి ఫోన్ పక్కన పెట్టి ఒకసారి చూడండి. సాలీడు కనపడదు. కనపడాల్సిన పని కూడా లేదు. ఎవరైనా "నీలం సాలీడు పట్టిస్తా" అంటే మాత్రం వద్దనండి, ఎందుకు వద్దో కూడా చెప్పండి.

మావాడు ఆ ఆలోచన మానేశాడు. కానీ ఆదివారం కాల్‌లో ముందు వాడే అడుగుతాడు, "అన్నా, అది కదిలిందా?" అని. పోయిన వారం గుమ్మం దగ్గర కొత్త దారం కనిపించిందట. సాలీడు మాత్రం లోపలే ఉంది.