శాలువా సరే, గ్రాట్యుటీ ఏది?

మేం చదివిన మహిళా కళాశాల హాస్టల్ మెస్‌లో 26 ఏళ్లు వండి వడ్డించినామెకు 2023లో వీడ్కోలు సభ జరిపాం. చందాలు పోగు చేసింది నేనే. శాలువా కప్పాం, వెండి కుంకుమభరిణె ఇచ్చాం. ఆమె చేతి పప్పుచారు గురించి ఒక్కొక్కరం మైకు పట్టుకుని మాట్లాడి కళ్లు తుడుచుకున్నాం. జ్ఞాపిక మీద 'మా అమ్మకు' అని రాయించాం. అసలు పేరు మాలో ఎవరికీ తెలియదు.

సభ అయ్యాక ఆమె నన్ను పక్కకు పిలిచి, "ఇన్నేళ్లు చేసినందుకు నాకేమన్నా డబ్బులొస్తాయా పాపా?" అని అడిగింది. "తర్వాత చూద్దాం అమ్మా, ముందు ఫోటో దిగుదాం" అన్నాను. స్త్రీల హక్కుల గురించి ఊరూరా తిరిగి మాట్లాడే నేను!

తర్వాత చూశాను. అప్పుడు అమల్లో ఉన్న 1972 గ్రాట్యుటీ చట్టం ప్రకారం ఏడాది సర్వీసుకు 15 రోజుల వేతనం. నెలను 26 రోజులుగా లెక్కకట్టాలి. అంటే 26 ఏళ్లకు సరిగ్గా 15 నెలల జీతం. ఆమె చివరి జీతం 9 వేలు. 1,35,000 రూపాయలు రావాలి. మా హాజరు పట్టీలో ఆమె పేరే లేదు, కాంట్రాక్టర్ని అడగమన్నారు కాలేజీవాళ్లు. "నా దగ్గర చేసింది మూడేళ్లేగా" అన్నాడు కాంట్రాక్టరు. చట్టం అడిగేది ఐదేళ్ల ఎడతెగని సర్వీసు. ఈ 26 ఏళ్లలో ఏడుగురు కాంట్రాక్టర్లు మారారు, ఎవరి దగ్గరా ఐదేళ్లు నిండలేదు. గుండిగలు మారలేదు, పొయ్యి మారలేదు, తెల్లవారుజామున నాలుగింటికి లేచి మూడు వందల మందికి ఎసరు పెట్టిన మనిషి మారలేదు. మారింది బిల్లు మీద పేరొక్కటే. ఇది ఎవరి తెలివి?

"ఆమెను ఇంటి మనిషిలా చూసుకున్నాం" అంటారు పెద్దలు. నిజమే. ఇంట్లో ఆడదాని చాకిరీని చూసినట్టే చూశారు. స్త్రీ వండితే అది ప్రేమ, అదే కాలేజీలో గుమాస్తా ఫైలు కడితే అది సర్వీసు. బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం వండే ఆడవాళ్లకు కేంద్రం 2009లో నెలకు వెయ్యి రూపాయలు, అదీ ఏడాదికి 10 నెలలకే నిర్ణయించి, దానికి 'గౌరవ వేతనం' అని పేరు పెట్టింది. వేతనంలో కోసింది గౌరవంతో పూడుస్తారన్నమాట! మా శాలువా కూడా ఆ బాపతే.

గంజి వార్చేటప్పుడు కాలిన మచ్చ ఆమెకు మోచేతిదాకా ఉంటుంది. వడ్డించే చెయ్యే కదా, రోజూ చూశాం. ఎలా కాలిందని ఒక్కరమూ అడగలేదు.

ఇప్పుడు ఆమె పేరు తెలుసుకున్నాం. హాజరు పట్టీలో లేని 26 ఏళ్లను రుజువు చేయడానికి, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా ఆమె చేతి అన్నం తిన్నామో పాత విద్యార్థినులం రాసి, సంతకాలు పెట్టి కార్మిక శాఖకు ఇస్తున్నాం. ఇంతవరకు 41 మంది పెట్టారు. శాలువాకు చందా ఇచ్చినవాళ్లు 112 మంది.