పెళ్లి కెమెరా స్టాల్ పెట్టే ముందు... వర్క్ పర్మిట్ తేదీ చూసుకున్నారా?

డబ్లిన్ (కాలిఫోర్నియా): వారంలో ఐదు రోజులు కంప్యూటర్ ముందు, శని ఆదివారాలు కెమెరా వెనక. బే ఏరియాలో ఇలా గడిపే మనవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. మొదట స్నేహితుల ఇంట్లో సీమంతం, తర్వాత ఎవరి పిల్లాడిదో మొదటి పుట్టినరోజు, ఆ తర్వాత 'మా తమ్ముడి పెళ్లికి మీరే రావాలండీ' అని ఫోన్. అక్కడితో సరదా కాస్తా వ్యాపారం అయిపోతుంది. తర్వాతి మెట్టు ఏమిటంటే, బ్రైడల్ షోలో స్టాల్.

పెట్టొచ్చు, తప్పేం లేదు. కాకపోతే స్టాల్ ముందు ఎంతమంది ఆగుతారన్న లెక్క కంటే, స్టాల్ వెనక నిలబడే మనిషి దగ్గర ఏ కార్డు ఉందన్నది ఇప్పుడు పెద్ద ప్రశ్న. 2025 చివర్లో వర్క్ పర్మిట్ నిబంధనలు మారాక ఇది మరీ ముదిరింది.

ఊరు ఊరిస్తోంది

1982లో నగరంగా ఏర్పడిన డబ్లిన్‌లో 2010 జనాభా లెక్కల నాటికి 46 వేల మంది ఉండేవారు. 2020 నాటికి ఆ సంఖ్య 72 వేలు దాటింది. 1997లో బార్ట్ రైలు వచ్చింది, తర్వాత కొత్త ఇళ్లు వచ్చాయి, వాటితో పాటు మనవాళ్లూ వచ్చారు. పక్కనే లివర్‌మోర్‌లో శివ-విష్ణు ఆలయం, ప్లెజంటన్‌లో అలమీడా కౌంటీ ఫెయిర్‌గ్రౌండ్స్. పెళ్లి మీద ఆధారపడిన వ్యాపారానికి ఇంతకంటే ఏం కావాలి?

అమెరికాలో పెళ్లి మాటలు ఎక్కువగా థ్యాంక్స్‌గివింగ్ నుంచి ఫిబ్రవరి ప్రేమికుల రోజు మధ్య ఖాయమవుతాయి. అందుకే బ్రైడల్ షోలకు జనవరి, ఫిబ్రవరి మంచి సీజన్. మనకు దీనికి తోడు పంచాంగం ఒకటుంది. 2024లో మూఢాలు, ఆషాఢం కలిసి మే, జూన్, జులై నెలల్లో పెళ్లి ముహూర్తాలు దాదాపు లేకుండా పోయాయి. ఇక్కడ పిల్లలకు సెలవులు, బంధువుల రాకపోకలు ఉండేది సరిగ్గా ఆ నెలల్లోనే. ముహూర్తాలు తగ్గిన ఏడాది అందరికీ అవే నాలుగు శనివారాలు కావాలి. ఒక కెమెరామన్ ఒక రోజు ఒక పెళ్లే చేయగలడు. కాబట్టి స్టాల్ అద్దె కట్టే ముందు పంచాంగం తిరగేయడం చాదస్తం కాదు, వ్యాపారం.

చాక్లెట్లకు వచ్చేవాళ్లు వేరు

గిన్నెలో చాక్లెట్లు, లక్కీ డ్రా, పెద్ద టీవీ... ఇవి జనాన్ని ఆపుతాయి. చేతికి వంద ఈమెయిళ్లు వస్తాయి. సోమవారం ఫోన్ చేస్తే సగం మందికి మీరెవరో గుర్తుండదు.

మన కుటుంబం స్టాల్‌కి ఎలా వస్తుందో చూడండి. అమ్మాయి రెండు ఫొటోలు చూసి నచ్చిందీ లేనిదీ తేల్చేస్తుంది. తల్లి ఆల్బమ్ మొదటి పేజీ నుంచి తిప్పుతుంది. 'బాబూ, జీలకర్ర బెల్లం దగ్గర రెండు వైపుల నుంచీ తీశారా? మా పెద్దమ్మాయి పెళ్లిలో అబ్బాయి మొహమే పడలేదు' అంటుంది. తండ్రి చివర్లో రేటు అడుగుతాడు. ముగ్గురికీ జవాబు ఉన్న స్టాలే నిలబడుతుంది.

అందుకే ఇరవై పెళ్లిళ్ల నుంచి ఏరిన అందమైన ఫొటోల కంటే ఒకే పెళ్లిని మంగళస్నానాల నుంచి అప్పగింతల దాకా చూపించే ఆల్బమ్ ఎక్కువ పని చేస్తుంది. తెర తీసే క్షణం మళ్లీ రాదు. పురోహితుడు ఎప్పుడు ఏం చేయిస్తాడో ముందే తెలిసినవాడికే ఆ ఫొటో దొరుకుతుంది. లక్షల ఖరీదు చేసే కెమెరా ఉన్న అమెరికన్ ఫొటోగ్రాఫర్ కంటే మనవాడికి ఉన్న బలం ఇదే. ఖాళీగా ఉన్న తేదీలు, రేటు బల్ల మీద రాసిపెట్టి, వచ్చినవాళ్లకు రెండు రోజుల్లో ఫోన్ చేస్తే చాలు, చాక్లెట్లు అక్కర్లేదు.

వెనక నిలబడేది ఎవరు?

ఇప్పుడు అసలు సంగతి. నోటి మాట మీద నడిచిన పని స్టాల్ పెట్టగానే బహిరంగ వ్యాపారం అవుతుంది. పేరు, విజిటింగ్ కార్డు, రసీదు అన్నీ ఆధారాలే.

హెచ్1బీ మీద ఉన్నవారు తమ కోసం పిటిషన్ వేసిన కంపెనీకే పని చేయాలి. వారాంతంలో డబ్బుకి ఫొటోలు తీయడం ఆ వీసాలో కుదరదు. ఎఫ్1 విద్యార్థులకూ ఇది వర్తిస్తుంది, చదువుకు సంబంధించిన అనుమతి దాటి పని చేయకూడదు. హెచ్4 వారిలో ఈఏడీ కార్డు ఉన్నవారు సొంత వ్యాపారం చేసుకోవచ్చు. 2015లో వచ్చిన ఈ వెసులుబాటును సవాలు చేసిన పిటిషన్‌ను 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు విచారణకు తీసుకోలేదు, కాబట్టి అది నిలిచింది. ఎల్1 ఉద్యోగుల భార్యాభర్తలకు 2021 నుంచి పని హక్కు వీసాతోనే వస్తోంది.

'వ్యాపారం మా ఆవిడ పేరు మీదే ఉందిగా' అనేవాళ్లు ఉన్నారు. కాగితం మీద ఆవిడ పేరుండి, పెళ్లిలో కెమెరా పట్టేది హెచ్1బీ భర్తే అయితే ఆ పని చేసింది ఆయనే. హైదరాబాద్ నుంచి విజిటర్ వీసా మీద టీమ్‌ను పిలిపించి ఇక్కడి డబ్బు ఇవ్వడమూ ఇలాంటి తిప్పలే తెస్తుంది. మూడు వేల డాలర్ల కోసం పదేళ్ల గ్రీన్‌కార్డు నిరీక్షణను పణంగా పెట్టొద్దు.

ముహూర్తం ఆగదు, కార్డు ఆగొచ్చు

కార్డు ఉన్నవారికీ కొత్త చిక్కు వచ్చింది. ఇదివరకు గడువులోగా రెన్యువల్‌కి దరఖాస్తు చేస్తే చాలామందికి పాత కార్డు మీదే 540 రోజుల వరకు పని చేసుకునే వీలుండేది. 2025 అక్టోబరు 30 నుంచి వేసే దరఖాస్తులకు ఆ ఆటోమేటిక్ పొడిగింపు తీసేశారు. గ్రీన్‌కార్డు దరఖాస్తు మీద వచ్చే ఈఏడీ గడువును కూడా అదే ఏడాది డిసెంబరు 5 నుంచి ఐదేళ్ల నుంచి 18 నెలలకు కుదించారు.

మామూలు ఉద్యోగికి కార్డు ఆలస్యమైతే కొన్నాళ్లు జీతం పోతుంది. ఫొటోగ్రాఫర్‌కి అలా కాదు. జనవరి షోలో అడ్వాన్స్ తీసుకుంటాడు, పెళ్లి ఆగస్టులో. మే నెలలో కార్డు గడువు అయిపోయి కొత్తది రాకపోతే పెళ్లికి వెళ్లే హక్కు లేదు. ముహూర్తం మాత్రం వాయిదా పడదు. అడ్వాన్స్ తిరిగివ్వాలి, ఊళ్లో మాట పోతుంది.

దీనికి మందు ముందుచూపే. బుకింగ్ డైరీలో ప్రతి పెళ్లి తేదీ పక్కన కార్డు గడువు రాసుకోండి. గడువుకి 180 రోజుల ముందు నుంచే రెన్యువల్ వేయొచ్చు, మొదటి రోజే వేయండి. 'నేను రాలేకపోతే పని అనుమతి ఉన్న ఫలానా స్థాయి ఫొటోగ్రాఫర్‌ని పంపుతాను, లేదా డబ్బు ఇన్ని రోజుల్లో తిరిగిస్తాను' అని ఒప్పందంలో ఉండాలి. అలాంటి తోటి ఫొటోగ్రాఫర్‌ని ముందే మాట్లాడి పెట్టుకోవాలి.

మిగతా కాగితాలూ అంతే. కాలిఫోర్నియాలో ఆల్బమ్‌లు, ప్రింట్లు అమ్మితే సెల్లర్స్ పర్మిట్, సేల్స్ ట్యాక్స్ ఉంటాయి. డబ్బు తీసుకుని డ్రోన్ ఎగరేయాలంటే ఎఫ్ఏఏ పైలట్ సర్టిఫికెట్ కావాలి. చాలా హాళ్లు బీమా పత్రం అడుగుతాయి.

ఇదంతా భారం అనుకోకండి. ఆల్బమ్ పక్కన ఒప్పందం నమూనా, బీమా పత్రం కూడా పెట్టి చూడండి. రేటు అడగడానికి చివర్లో వచ్చే తండ్రి ముందుగా చదివేది వాటినే. సందేహం ఉంటే స్టాల్ అద్దె కట్టక ముందే ఇమిగ్రేషన్ లాయర్‌కి ఒక గంట ఫీజు కట్టండి. ఈ వ్యాపారంలో అదే మొదటి పెట్టుబడి.