ప్రేమలేఖ అంటే ఒక్క ప్రేయసికేనా?

వార్షికోత్సవ సంచిక అనగానే మన హాస్టళ్ళలో రెండు రకాల కవితలు వచ్చిపడతాయి. ఒకటి "ప్రియా" అని మొదలవుతుంది. రెండోది ఆకలి, అవమానం, పోరాటం. రెండూ రాయాల్సినవే, కాదనను. కానీ అమ్మ మీద, అక్క మీద, పక్క ట్రంకుపెట్టె మిత్రుడి మీద మనకున్న ప్రేమ ఆ రెండింట్లోనూ కనిపించదు. అది కూడా ప్రేమలేఖకు తగ్గ ప్రేమేనని నా వాదన. అమెరికా నల్లజాతి వాళ్ళ రాతలు చదివాక ఈ అభిప్రాయం గట్టిపడింది.

అక్కడ బానిసత్వం సాగిన రోజుల్లో తల్లి ఒకరి సొత్తు, బిడ్డ ఇంకొకరి సొత్తు. ఎప్పుడు ఎవరిని అమ్మేస్తారో తెలియదు. పైగా బానిసలకు రాత నేర్పడం నేరమని దక్షిణ కరోలినా 1740లోనే చట్టం చేసింది. విడిపోయినవాళ్ళు ఉత్తరం రాసుకునే దారి కూడా లేదన్నమాట.

అలాంటి చోట స్పాట్స్‌వుడ్ రైస్ అనే నల్లజాతి సైనికుడు 1864 సెప్టెంబరులో మిస్సోరీలోని సైనిక ఆసుపత్రి నుంచి, ఇంకా బానిసత్వంలోనే ఉన్న తన కూతుళ్ళకు ఉత్తరం రాశాడు. ప్రాణం పోయినా సరే మిమ్మల్ని విడిపించుకుంటానని చెప్పాడు. సొంత బిడ్డనే దొంగిలించబోయాడని యజమానురాలు అతని మీద నింద వేసింది. కన్నబిడ్డను తెచ్చుకోవడం దొంగతనం ఎలా అవుతుందని అతని ప్రశ్న. ఆమెకూ విడిగా ఒక హెచ్చరిక రాశాడు. విచిత్రం ఏమిటంటే, ఆమె తరపువాళ్ళు ఈ ఉత్తరాలను ఫిర్యాదుగా సైన్యాధికారికి పంపబట్టే అవి ఈనాటికీ మిగిలాయి! ఇంతకన్నా గొప్ప ప్రేమలేఖ నేను చదవలేదు.

జేమ్స్ బాల్డ్విన్ 1962లో తన తమ్ముడి కొడుక్కి బహిరంగ లేఖ రాశాడు. మన వరసలో పెదనాన్న అన్నమాట. ఆ పిల్లవాడి పేరు కూడా జేమ్సే. తెల్లవాళ్ళ దేశం నీ గురించి ఏమనుకున్నా నమ్మవద్దని చెప్పడానికి ముందు, నీ నాన్నను చిన్నప్పుడు నేను ఎత్తుకుని తిరిగానని గుర్తు చేస్తాడు. ధైర్యం చెప్పేముందు చుట్టరికం చెప్పాడు. నిక్కీ జియోవన్నీ 1968లో రాసిన ఒక కవితలో గొడవ ఇంకోటి. తన జీవితచరిత్ర రాసేవాళ్ళు పేదరికం ఒక్కటే రాసి, ఆ ఇంట్లోని సంతోషాన్ని వదిలేస్తారని ఆమె బాధ.

ఈ బాధ మనది కూడా. మన హాస్టళ్ళ మీద వార్త వచ్చిందంటే నీళ్ళచారు, పగిలిన కిటికీ. అవి నిజాలే, రాయాలి. కానీ జ్వరం వచ్చిన రాత్రి నుదుటిమీద తడిగుడ్డ వేసిన సీనియర్ అన్న ఏ వార్తలోనూ ఉండడు. అతని గురించి మనం కాకపోతే ఎవరు రాస్తారు?

మనకు దారి లేకపోలేదు. కాళిదాసు యక్షుడు భార్యకు మేఘంతో కబురంపితే, జాషువా 1941లో 'గబ్బిలం' రాసి, ఆకలిగొన్న అంటరానివాడి చేత కాశీలోని శివుడికి గబ్బిలంతో కబురంపించాడు. ప్రియురాలి కబురుకే పెట్టిన పద్ధతిని అలా మార్చేశాడు.

సెల్‌ఫోను ఉండగా ఉత్తరాలెందుకు అంటారు కొందరు. ఫోన్లో మనం మాట్లాడేదేమిటి? తిన్నావా, తిన్నా. డబ్బులున్నాయా, ఉన్నాయి. అంతే కదా! మా అమ్మకు చదువు రాదు, ఎవరికి రాయాలి అనేవాళ్ళూ ఉన్నారు. బానిసత్వం పోయాక, న్యూ ఆర్లీన్స్‌లోని ఒక చర్చి పత్రిక 1877 నుంచి, తప్పిపోయిన తల్లుల కోసం, బిడ్డల కోసం జనం రాసిన ఉత్తరాలు అచ్చువేసింది. వాటిని ప్రసంగ వేదిక మీద నుంచి పైకి చదవమని పాస్టర్లను కోరింది. చదువురానివాళ్ళకు అలా చేరేవి.

అందుకే సంపాదకవర్గానికి నా మనవి. వచ్చే సంచికలో నాలుగు పేజీలు ఈ ఉత్తరాలకు ఇవ్వండి. అమ్మకు, చదువు మానేసి మనల్ని చదివించిన చెల్లెలికి, ఆలస్యంగా వచ్చినవాడికి కంచం దాచిపెట్టే కామాటికి. పేరు వేయడం సిగ్గయితే గది నెంబరు వేయండి. చదువురానివాళ్ళకు రాసినవాటిని వార్షికోత్సవం రోజు, వాళ్ళు ఎదురుగా కూర్చున్నప్పుడు, మైకులో చదివించండి.