తొమ్మిది నెలల బకాయి, హాజరు నిబంధన, సంఘ హక్కులపై వినతిపత్రం

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి,
గ్రామ, వార్డు సచివాలయ ఉద్యోగుల తరఫున సమర్పించు విన్నపం.

ఆర్యా,

సచివాలయాలు ఎలా ఏర్పడ్డాయో, మమ్మల్ని ఏ షరతులపై తీసుకున్నారో తమకు తెలిసినదే. నేరుగా విషయానికి వస్తున్నాం.

ప్రొబేషన్ రెండేళ్లన్నారు, నెలకు 15,000 రూపాయలన్నారు. 2019 అక్టోబరులో చేరిన మొదటి విడత వారికి ఆ గడువు 2021 అక్టోబరులో తీరింది. 2022 జనవరి 7న ప్రభుత్వం వేతన సవరణ ఫిట్‌మెంట్‌తో పాటే మా సంగతీ ప్రకటించింది: జూన్ 30లోగా ప్రొబేషన్ ఖరారు, జులై నుంచి కొత్త జీతం. ఇచ్చారు, కాదనడం లేదు. మరి 2021 అక్టోబరు నుంచి 2022 జూన్ దాకా, ఆ తొమ్మిది నెలల మాటేమిటి? డిపార్ట్‌మెంటల్ టెస్టు అప్పటికే పాసైన వారు కూడా అదే 15,000కు పనిచేశారు. వెల్ఫేర్ అసిస్టెంట్ మూలవేతనం 22,460. నెలకు 7,460 చొప్పున తొమ్మిది నెలలకు 67,140 రూపాయలు. ఐదో గ్రేడు పంచాయతీ కార్యదర్శి మూలవేతనం 23,120. ఆయనకు రావలసింది 73,080. డీఏ, ఇంటి అద్దె భత్యం ఇందులో కలపలేదు. మొదటి రెండేళ్లకు నోషనల్ ఇంక్రిమెంట్లూ లేవు. ఈ లెక్కల పట్టిక గత వినతిపత్రాలన్నింటికీ జతచేశాం, మళ్లీ జతచేస్తున్నాం. అడిగిన ప్రతిసారీ ‘పైకి పంపాం’ అంటున్నారు. ఏ తేదీన, ఏ నంబరుతో పంపారో చెప్పరు. కుదరదంటే ఆ మాటైనా రాసి ఇమ్మన్నాం. అదీ రాలేదు.

హాజరు సంగతి. 2024 జులై నుంచి ఒకటో తారీఖు పొద్దున్నే పింఛను డబ్బుతో ఇంటింటికీ వెళ్తున్నది మేమే. సర్వే రోజుల్లో సాయంత్రం దాకా వీధుల్లోనే ఉంటాం. అయినా సచివాలయానికి వచ్చి యాప్‌లో ముఖం చూపిస్తే తప్ప హాజరు పడదంటున్నారు. ఫీల్డులో ఉన్న రోజు అక్కడి నుంచే హాజరు వేసుకోనివ్వండి.

మరో రెండు విన్నపాలు. సచివాలయాల్లోని మహిళా పోలీసుల జాబ్ చార్టు తేల్చాలి. బదిలీల్లో భార్యాభర్తల కేసులు పరిశీలించాలి.

ఇక సంఘ హక్కుల సంగతి. సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగంలోని 19(1)(సి) అధికరణం ఇచ్చింది. సర్వీసు సంఘాల గుర్తింపునకు 2001 నాటి నిబంధనలున్నాయి. సమ్మె ప్రాథమిక హక్కు కాదని 2003లో సుప్రీంకోర్టు చెప్పిన సంగతీ ఎరుగుదుం. మేం సమ్మెకు దిగలేదు, నోటీసూ ఇవ్వలేదు. భోజన విరామంలో నల్ల బ్యాడ్జీ పెట్టుకున్నందుకే సంజాయిషీ అడుగుతున్నారు. వినతిపత్రం తీసుకుని రసీదు ముద్ర వేయడానికి కూడా వెనకాడుతున్నారు. ఇది అన్యాయం అని సవినయంగా, స్పష్టంగా మనవి చేస్తున్నాం.

కావున బకాయి ఫైలును తమ సిఫారసుతో ప్రభుత్వానికి పంపి, ఆ నంబరు మాకు తెలియజేయాలి. ఆ సంజాయిషీ నోటీసులు రద్దు చేయించాలి. మా ప్రతినిధులతో సమావేశానికి తేదీ రాతపూర్వకంగా ఇవ్వాలి. ఈ ప్రతిపై రసీదు ముద్ర ఈరోజే వేయించాలి.

ఇట్లు,
భవదీయులు,
జిల్లా కార్యవర్గ సభ్యులు

జత: బకాయిల పట్టిక, గత వినతిపత్రాల నకళ్లు