నడిపించే వైద్యం ఉంది, నడవనిచ్చే వీధి ఏదీ?

శేరిలింగంపల్లి మండలం నానక్‌రాంగూడలో మెడ్‌ట్రానిక్ పరిశోధన కేంద్రం ఉంది. అమెరికా బయట ఆ సంస్థకు అంతకన్నా పెద్ద పరిశోధన కేంద్రం లేదు. పార్కిన్సన్స్ రోగి మెదడు లోతుల్లోకి సన్నని తీగలు దింపి, ఛాతీ చర్మం కింద బ్యాటరీ అమర్చి, వణుకునూ బిగుసుకుపోవడాన్నీ తగ్గించే డీబీఎస్ (డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్) పరికరాలు తయారుచేసే కంపెనీ అది. అలాంటి పరికరం పెట్టించుకున్న పెద్దాయన లింగంపల్లి స్టేషన్ నుంచి చందానగర్ దాకా ఒక్కడే నడిచి వెళ్ళగలడా? వెళ్ళలేడు. ఆ సంగతి పట్టించుకునే నాథుడూ లేడు.

ఈ డీబీఎస్ వైద్యం 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో బెనాబిద్ అనే న్యూరోసర్జన్ వేసిన దారి. మన పంజగుట్ట నిమ్స్‌లోనూ ఏళ్ళుగా ఈ ఆపరేషన్లు జరుగుతున్నాయి. ఖర్చు లక్షల్లో ఉంటుంది. పొలమో, బంగారమో, పీఎఫ్ డబ్బో కరిగించి కుటుంబాలు అందాకా వస్తాయి. పార్కిన్సన్స్‌కు వాడే లెవోడోపా మాత్ర పట్టినప్పుడు బాగుపడే నడకే చాలావరకు డీబీఎస్‌తోనూ బాగుపడుతుంది. చేతి వణుకు ఆగిపోవచ్చు. మాత్రకు లొంగని తూలుడు, ఉన్నట్టుండి పాదాలు నేలకు అతుక్కుపోవడం ఆపరేషన్ తర్వాత కూడా మిగిలిపోవచ్చు. ఆ మిగిలినదాన్ని మోయాల్సింది ఇల్లు, ఫిజియోథెరపీ, ఆపైన వీధి. ఇల్లు తిప్పలు పడుతూనే ఉంది. వీధి చేతులెత్తేసింది.

పాదాలు ఎప్పుడు అతుక్కుపోతాయో వైద్యులకు తెలుసు. ఇరుకు దారిలో, మలుపు తిరిగేటప్పుడు, జనం మధ్య, ఎవరైనా తొందరపెట్టినప్పుడు. మన ఫుట్‌పాత్‌లో ఇవన్నీ ఉన్నాయి! నాలుగడుగులకో ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, అడ్డంగా నిలిపిన బైకులు, పడిపోయిన కేబుల్ చుట్టలు, లేచిపోయిన పలకలు. రోడ్డు మీదికి దిగితే వెనక నుంచి హారన్లు. పడితే తుంటి విరుగుతుంది. తుంటి విరిగిన పార్కిన్సన్స్ రోగి మళ్ళీ లేచి నడవడం ఎంత కష్టమో ఆ ఇళ్ళవాళ్ళనడగండి.

నేల మీద అడ్డగీతలు కనబడితే ఆగిపోయిన కాలు చాలామందికి తిరిగి కదులుతుంది. గీత దాటాలన్న చూపే అడుగు వేయిస్తుంది. అంటే జీబ్రా క్రాసింగ్ వీళ్ళకు ఊతకర్ర. దాన్నే చెరిగిపోయేదాకా వదిలేస్తాం. ఒక డబ్బా తెల్లరంగుకు కూడా నోచుకోలేదా ఈ ఐటీ కారిడార్?

ఇక మెట్రోలో, మాల్‌లో, ఆఫీసు గుమ్మంలో మెటల్ డిటెక్టర్ చట్రం. ఇలాంటి ద్వారాల దగ్గర జాగ్రత్త అని, వీలైతే చేత్తో తనిఖీ చేయమని అడగమని డీబీఎస్ రోగులకు చెబుతారు. పైగా ఆ ఇరుకు చట్రం ముందే కాళ్ళు మొరాయిస్తాయి. ఒంట్లో పరికరం ఉందని తెలిపే కార్డు చూపించినా గార్డుకు అర్థం కాదు, ఎందుకంటే అతనికి నేర్పినవాళ్ళు లేరు. "జల్దీ నడవండి అంకుల్" అంటాడు. ఆ మాటతో కాలు ఇంకా బిగుసుకుపోతుంది. వెనక వరుసలోంచి "పొద్దున్నే మందు కొట్టినట్టున్నాడు" అని మరో గొంతు. నలభై ఏళ్ళు కష్టపడి బతికిన మనిషి చెవిన పడే మాటేనా అది?

2016 వికలాంగుల హక్కుల చట్టం పార్కిన్సన్స్‌ను పేరుపెట్టి మరీ చేర్చింది. పాత ప్రజా భవనాలను సుగమం చేయడానికి నియమాలొచ్చిన 2017 నుంచి ఐదేళ్ళ గడువిచ్చింది. గడువు దాటింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఈ సుగమతా ప్రమాణాలు సలహాలుగా మిగిలితే చాలదని, తప్పనిసరి చేయాలని తీర్పు చెప్పింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదిక మన హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయానిదే. పరికరాల కంపెనీ పరిశోధన కేంద్రం ఇక్కడ, ఆపరేషన్ ఇక్కడ, హక్కుల నివేదిక ఇక్కడ. నడిచే జాగా మాత్రం ఎక్కడా లేదు!

ఫ్లైఓవర్లకు డబ్బుంది, అద్దాల మేడలకు అనుమతులున్నాయి. అందుకే అడుగుతున్నాం, దయ కాదు, హక్కు: ఫుట్‌పాత్‌లు ఖాళీ చేయించండి. జీబ్రా గీతలు మళ్ళీ వేయండి. సిగ్నల్ దగ్గర దాటే సమయం పెంచండి. గార్డులకు ఒక్క పూట శిక్షణ ఇవ్వండి. ఇందులో మెదడు తెరవాల్సిన పని ఒక్కటీ లేదు. ఇంత చిన్న పనులు చేయని అధికారి ఎవరైనా, ఈ ఊరి ముసలివాళ్ళను ఇళ్ళలో బంధించిన పాపంలో ఆయనకూ వాటా ఉంది.